ఏ గీత ముందు?

చెన్నై మాధవరం బస్ టెర్మినల్‌లో నెల్లూరు బస్సెక్కితే, ఆంధ్రాలో అడుగు పెట్టగానే తడ, ఆ దగ్గర్లోనే శ్రీసిటీ. తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ 2015లో చైనా బ్రాండ్ షియోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది అక్కడే. ఆ తైవాన్‌లోనూ, ఆ చైనాలోనూ పిల్లల అక్షరాభ్యాసం వేల అక్షరాలతో పని. ఒకే గీత ఉన్న అక్షరం నుంచి ఇరవై ముప్పై గీతలున్న అక్షరం దాకా ప్రతిదానికీ ఏ గీత ముందో, ఏది వెనకో లెక్క ఉంది. రాసేశాక క్రమం ఎవరికీ కనబడదు గదా, ఇంత పట్టింపు ఎందుకు? పైగా ఇది ఏ పండితుడో కూర్చుని కట్టిన సూత్రం కూడా కాదు. చేతిలో ఉన్న పనిముట్టు నేర్పిన అలవాటు.

చైనాలో దొరికిన పాత రాతలు దాదాపు 3,200 ఏళ్ల నాటివి. తాబేలు డిప్పల మీద, పశువుల ఎముకల మీద చెక్కినవి. కొన్నిటి మీద నిలువుగీతలే ఉండి, అడ్డగీతలు లేని అక్షరాలు కనిపిస్తాయి. అంటే చెక్కేవాడు ముందు నిలువుగీతలన్నీ కానిచ్చేసి, తర్వాత అడ్డగీతల పని పెట్టుకునేవాడన్నమాట. గట్టి ఎముక మీద ఉలి ఒకే దిక్కుగా నడిస్తే పని సులువు. అక్షరం క్రమం కన్నా ఉలి సౌకర్యమే అక్కడ ముఖ్యం.

కుంచె, వెదురు బద్ద వచ్చి కథ మార్చేశాయి. కాగితం వాడుకలోకి రాకముందు సన్నని వెదురు బద్దల మీద నిలువు వరసలో రాసేవారు. కింది అక్షరానికి దిగాలి కాబట్టి రాత పైనుంచి కిందికి సాగడమే హాయి. కుడిచేతి వాటానికి ఎడమ నుంచి కుడికి రావడం హాయి. తాటాకు చిరగకుండా గంటం మన అక్షరాలను గుండ్రం చేసిందంటారు. అక్కడ గుండ్రటి గీతలను కుంచె విరిచి తిన్నగా చేసింది. క్రీ.పూ. 221లో చిన్ చక్రవర్తి దేశమంతటికీ ఒకే లిపి పెట్టించాడు. అది వంపుల లిపి. రోజంతా లెక్కలూ ఉత్తర్వులూ రాసే గుమాస్తాలకు అంత తీరిక ఎక్కడిది? వాళ్ల తొందరలో వంపులు విడివిడి గీతలయ్యాయి. గీతలు విడిపోయాకే వాటికి వరస అవసరమైంది.

ఆ వరసకు తర్వాత కొండగుర్తులు పుట్టాయి. 'పది' అక్షరంలో అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత. 'చిన్న' అక్షరంలో నడిమి గీత ముందు, పక్కవి తర్వాత. చుట్టూ గోడలున్న 'దేశం' లాంటి అక్షరంలో లోపలిదంతా రాశాకే అడుగు గీత గీసి మూసేయాలి. క్రీ.శ. 353లో చైనా లిపికళాకారుడు వాంగ్ షీజ్ ఒక కవితా సంకలనానికి రాసిన ప్రసిద్ధ పీఠిక 'యుంగ్' అనే అక్షరంతో మొదలవుతుంది. ఆ ఒక్క అక్షరంలోనే ఎనిమిది రకాల కుంచె పోకడలు ఉన్నాయని, దాన్ని దిద్దించే పద్ధతి నేటికీ నడుస్తోంది.

బడులు పెరిగాక ప్రభుత్వాలు రంగంలోకి దిగాయి. ఇవే అక్షరాలు వాడే జపాన్ విద్యాశాఖ 1958లో ఉపాధ్యాయుల కోసం ఒక చేతిపుస్తకం వేసింది. ఇందులో లేని క్రమాలు తప్పని అనడం లేదని కూడా అందులోనే రాసింది. తైవాన్ 1996లో, చైనా 1997లో తమ తమ ప్రమాణాలు తెచ్చాయి. ఆనాటి చైనా పట్టికలో 7,000 అక్షరాలుండేవి. మూడు దేశాలకూ అన్నిచోట్లా పొత్తు కుదరలేదు. 'కుడి' అక్షరాన్ని చైనా పిల్లలు అడ్డగీతతో మొదలుపెడితే, జపాన్ పిల్లలు ఎడమకు వాలే గీతతో మొదలుపెడతారు.

కాగితం మీద ఈ తేడాతో నష్టం లేదు. బటన్ ఫోన్ వచ్చాక లెక్క మారింది. వేల అక్షరాలను పది మీటల్లో ఇమడ్చడానికి గీతలను ఐదు జాతులు చేశారు: అడ్డగీత 1, నిలువుగీత 2, ఎడమకు వాలేది 3, చుక్క లేదా కుడికి వాలేది 4, మడత తిరిగేది 5. అప్పుడు 'చెట్టు' అక్షరం 1234 అవుతుంది. 'కుడి' 13251. జపాన్ అలవాటుతో 31251 నొక్కితే ఆ అక్షరం రాదు. కుంచె దగ్గర సౌకర్యంగా పుట్టిన వరస, మీట దగ్గరికొచ్చేసరికి చిరునామా అయింది.

ఇప్పటి ఫోన్లు వేలితో రాసిన అక్షరాన్ని ఆకారం బట్టి కూడా పోల్చుకుంటాయి, వరస కాస్త తప్పినా సర్దుకుంటాయి. మనిషి చేతిరాత అలా సర్దుకోదు. తొందరలో రాసేటప్పుడు గీతలు కలిసిపోతాయి. ఒక గీత చివర నుంచి తర్వాతి గీత మొదలుకు కుంచె లాగిన సన్నని తోక మిగులుతుంది. ఆ తోక ఎటు పోతుందో నిర్ణయించేది క్రమమే. అందుకే వరస నేర్వనివాడు అచ్చు అక్షరాలు చదవగలడు గాని, పక్కింటాయన గిలికిన చీటీ చదవలేడు.