నువ్వుల నూనె నుంచి రెండు నెలల సూది దాకా

బైపోలార్ డిజార్డర్ ఉన్న ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది: "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, ఇంకా ఈ మాత్రలెందుకు?" అలా అన్నవాళ్లని మొండివాళ్లు అనుకోవడం అన్యాయం. మేనియా మొదలయ్యే రోజుల్లో మనిషికి జబ్బు చేసినట్టే ఉండదు. ఒంట్లో ఎన్నడూ లేని హుషారు, నిద్ర లేకపోయినా అలసట తెలియదు, తలలో ఆలోచనలు పరుగెడుతుంటాయి. ఆ హాయిని అణిచేసే మాత్రను ఇష్టంగా మింగేవాళ్లు తక్కువే. మొదట ఒక పూట మానేస్తారు, తర్వాత ఒక వారం. కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది.

రోజూ మింగే మాత్రకు బదులు వారాల తరబడి పనిచేసే సూదిమందు ఇస్తే? ఈ ఆలోచన ఫలించి అరవై ఏళ్లవుతోంది. అయితే అది పుట్టింది బైపోలార్ కోసం కాదు. 1899లో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ తీవ్రమైన మానసిక వ్యాధులను రెండు పాయలుగా విడదీశాడు. ఒకటి ఈనాటి స్కిజోఫ్రీనియా, రెండోది మేనియా, కుంగుబాటు వచ్చిపోతుండే జబ్బు, అంటే ఈనాటి బైపోలార్. సూదిమందు మొదటి పాయ కోసం తయారైంది. రెండో పాయ దాన్ని అరువు తెచ్చుకుంది. ఆ అరువు గుణం ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

1952లో పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడి చూశాక, ఏళ్లుగా ఆసుపత్రుల్లోనే ఉండిపోయిన రోగులు ఇళ్లకు వెళ్లగలిగారు. ఇంటికి వెళ్లినవాళ్లలో చాలామంది మాత్రలు మానేసి తిరిగి వచ్చారు. దానికి విరుగుడుగా అమెరికన్ కంపెనీ స్క్విబ్ ఫ్లూఫెనజైన్ అనే మందుకు ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలించి, నువ్వుల నూనెలో కరిగించింది. 1966లో వచ్చిన ఆ ఎనాంథేట్ రకం ఒకటి రెండు వారాలు నిలిచేది. కొద్దికాలానికే వచ్చిన డెకనోయేట్ రకం ఇంకా ఎక్కువ రోజులు నిలిచింది. మన వంటింట్లో ఉండే నువ్వుల నూనే అది, కాకపోతే శుద్ధి చేసినది. తుంటి కండలోకి చేరిన నూనె చుక్క అక్కడే నిలవుంటుంది. అందులోంచి మందు కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. రక్తంలోని ఎంజైములు ఆ కొవ్వు తోకను తెంపాకే అది పనికొస్తుంది. మందు ఇలా కండలో నిలవుంటుంది కాబట్టి వీటికి డిపో ఇంజెక్షన్లని పేరు.

చిక్కటి నూనె కాబట్టి సూది వేయడానికీ ఒక పద్ధతుంది. నర్సు చర్మాన్ని ఒక పక్కకి లాగి పట్టుకుని, సూదిని కండ లోతుకు దించి, మందును నిదానంగా ఎక్కించి, కొన్ని క్షణాలు ఆగి తీస్తుంది. వదిలేసిన చర్మం తన చోటికి జరగగానే సూది దారి మూసుకుపోతుంది, నూనె వెనక్కి కారదు.

అదే కాలంలో బైపోలార్ వైద్యం వేరే దారిలో నడిచింది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం మేనియాను తగ్గిస్తుందని చూపించాడు. 1967లో డెన్మార్క్‌లో పౌల్ బాస్ట్రప్, మోగెన్స్ షౌ అది జబ్బు తిరగబెట్టకుండా కూడా ఆపుతుందని ప్రకటించారు. మరి లిథియాన్నే సూదిమందుగా ఎందుకు చేయలేదు? చిన్న లెక్క చాలు. ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ ఒక మోతాదు 25 మిల్లీగ్రాములుంటే కొన్ని వారాలు గడుస్తాయి, అది ఒక్క మిల్లీలీటరులో ఇముడుతుంది. లిథియం కార్బొనేట్ రోజుకు 900 మిల్లీగ్రాములనుకున్నా నెలకు 27 గ్రాములు. అంత మందును కండలో దాచలేం. పైగా రక్తంలో లిథియం కాస్త పెరిగినా విషమే, కండలోకి వెళ్లినదాన్ని వెనక్కి తీయలేం. ఈ జబ్బుకు అన్నిటికన్నా బాగా సరిపోయే మందు సూదిలో పట్టకపోవడం నన్ను ఎప్పుడూ బాధపెట్టే సంగతి.

అందుకని స్కిజోఫ్రీనియా సూదులనే బైపోలార్ రోగులకూ వేశారు. 1969లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు వైద్యులు, ఫ్లూఫెనజైన్ సూది తర్వాత కొందరు తీవ్రమైన కుంగుబాటులో పడ్డారని హెచ్చరించారు. అది మందు వల్లా, జబ్బు వల్లా అన్న వాదన చాలాకాలం సాగింది. 1981లో మరో డిపో మందు ఫ్లూపెంథిక్సాల్ డెకనోయేట్‌ను లిథియంతో పోల్చిన అధ్యయనం వచ్చింది. ఆ సూదితో మేనియా తగ్గింది, కుంగుబాటు పెరిగింది. చేతులు వణకడం, కండరాలు బిగుసుకోవడం, ఏళ్లు గడిచాక నోరూ నాలుకా వాటంతటవే కదలడం లాంటివి సరేసరి.

కొత్త తరం సూదిలో నూనె లేదు. రిస్పెరిడోన్‌ను కరిగిపోయే కుట్లకు వాడే పాలిమర్ లాంటిదానితో సన్నటి గుళికలుగా చేశారు. అమెరికాలో 2003లో స్కిజోఫ్రీనియాకు, 2009లో బైపోలార్-1 (పూర్తి స్థాయి మేనియా వచ్చే రకం) తిరగబెట్టకుండా ఆపడానికి అనుమతి దొరికింది. ఈ మందును ఫ్రిజ్‌లో ఉంచాలి. వాడేముందు గది వేడికి రానిచ్చి, ద్రవం కలిపి గట్టిగా కుదపాలి. ఆలస్యమైతే గుళికలు అడుగుకు దిగిపోతాయి. అసలు మందు మూడు వారాలయ్యాక గాని విడుదల కాదు, అందాకా మాత్రలు తప్పవు. రెండు వారాలకొక సూది అంటే ఏడాదికి 26. ఒక అధ్యయనంలో ఈ సూది వేసుకున్నవారిలో 30 శాతం మందికి, ఉత్తుత్తి సూది వేసుకున్నవారిలో 56 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఆ తేడా అంతా మేనియాలోనే. కుంగుబాటు దగ్గర తేడా కనిపించలేదు.

2017లో నెలకోసారి వేసే 400 మిల్లీగ్రాముల అరిపిప్రజోల్ సూదికి ఇదే అనుమతి వచ్చింది. ఏడాది పాటు సాగిన పరీక్షలో తిరగబెట్టినవారు 26.5 శాతం, ఉత్తుత్తి సూదితో 51.1 శాతం. ఇక్కడా మేలు ప్రధానంగా మేనియా వైపే. 2023లో అదే మందుతో రెండు నెలలకొకసారి వేసే 960 మిల్లీగ్రాముల సూది వచ్చింది. సూదికీ సూదికీ మధ్య గడువు పెరిగిందే గాని, కుంగుబాటు విషయంలో కొత్త భరోసా ఏదీ రాలేదు. బైపోలార్ ఉన్నవాళ్లు ఎక్కువ కాలం గడిపేది కుంగుబాటులోనే కాబట్టి ఇది చిన్న లోటు కాదు.

అయినా సూదిమందు వద్దనడానికి నాకు నోరు రాదు. 2018లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనం 18,018 మంది బైపోలార్ రోగుల రికార్డులను పరిశీలించింది. అవే మందులు మాత్రల రూపంలో కంటే సూది రూపంలో వాడినప్పుడు ఆసుపత్రిలో చేరే ముప్పు సుమారు 30 శాతం తక్కువ. లిథియం కూడా ముందు వరుసలోనే నిలిచింది. ఆసుపత్రి తప్పడమంటే ఉద్యోగం నిలవడం, చదువు ఆగకపోవడం, మేనియాలో అప్పు చేసి కొన్న వస్తువులు ఇంట్లో గుట్టపడకపోవడం.

మిగిలింది ఒప్పుకోలు సంగతి. మాత్రను ఉమ్మేయొచ్చు, ఎక్కిన సూదిని వెనక్కి తీయలేం. అందుకే దీన్ని బలవంతానికి వాడతారన్న భయం మొదటినుంచీ ఉంది, అది ఉత్త భయమూ కాదు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ముందస్తు ఆదేశం రాసుకునే హక్కు ఇచ్చింది. తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో వయోజనులెవరైనా ముందుగానే రాసి పెట్టుకోవచ్చు, తన తరఫున నిర్ణయాల్లో తోడుండే ప్రతినిధి పేరూ చెప్పుకోవచ్చు. "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అనే ఆ రోజుల్లోనే ఆ కాగితం మీద సూది కావాలా, వద్దా అన్నది కూడా రాసుకోవచ్చు.