ద్రాక్ష పండని తీరాన

1756 డిసెంబరు 29 రాత్రి హుగ్లీ నది ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్ కోట ఈస్టిండియా కంపెనీ వశమైంది. కలకత్తాను నవాబు సిరాజుద్దౌలా నుంచి తిరిగి తీసుకోవడానికి క్లైవ్, అడ్మిరల్ వాట్సన్ మద్రాసు నుంచి తెచ్చిన దండుకు నది మీద ఎదురైన తొలి కోటల్లో ఇదొకటి. తెల్లవారాక దాడి చెయ్యాలని పెద్దలు అనుకున్నారు. ఈలోగా స్ట్రహాన్ అనే మామూలు నావికుడు తాగిన మత్తులో ఒంటరిగా కోటలోకి చొరబడి, కోట మనదైపోయిందని కేకలు పెట్టాడు. ఆ కేకలు విని మిగిలినవాళ్లు వెంట పరుగెత్తారు. వాట్సన్ ఓడ మీద వైద్యుడిగా పనిచేసిన ఎడ్వర్డ్ ఐవ్స్ ఈ సంగతి రాసిపెట్టాడు. చరిత్రకారులు దీన్ని ఒక వింతగా చెప్పి ముందుకు సాగిపోతారు. కానీ ఆ మత్తు వెనక ప్రభుత్వం కట్టిన లెక్క ఒకటి ఉంది. బ్రిటిష్ నౌకాదళపు 1731 నిబంధనల ప్రకారం నావికుడికి రోజూ రావలసింది గాలన్ బీరు. బీరు దొరకని సముద్రాల్లో దానికి బదులు ఒక పైంటు వైను, అదీ లేకపోతే అర పైంటు బ్రాందీ గానీ రమ్ము గానీ సారా గానీ ఇవ్వవచ్చు. బార్లీ పోయి ద్రాక్ష, ద్రాక్ష పోయి చెరకో తాటో వచ్చినా లెక్క సరిపోయినట్టే. మార్పును నిర్ణయించింది సరుకు పంచే కొట్టు. తాగేవాడికి అందులో మాట లేదు.

ద్రాక్ష పండని తీరంలో పానీయాల చరిత్ర మొత్తం ఇలాంటి బదులు సరుకుల చరిత్రే. దేని స్థానంలో ఏది వాడారు అని అడగడం అందులో సగమే. ఆ మార్పును ఎవరు నిర్ణయించారన్నది మిగతా సగం. కుండ పెట్టిన మనిషి తన అవసరం, తన చేతి అనుభవం చూసుకుని సరుకు మారిస్తే అది విద్య అవుతుంది, తరాలు నిలుస్తుంది. అమ్మేవాడో పన్ను వసూలు చేసేవాడో తన లాభం చూసుకుని మారిస్తే ఆ విద్య పోతుంది, ఒక్కోసారి ప్రాణం కూడా పోతుంది. బడ్జ్ బడ్జ్ పరిసరాల చరిత్ర, అక్కడి మిల్లులకు మనుషుల్ని పంపిన తెలుగు తీరం చరిత్ర కలిపి చదివితే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంగ్లిషువాళ్లు 1611లో కోస్తాలో పేటపోలి, మచిలీపట్నం రేవుల్లో దిగారు. పేటపోలి అంటే నేటి నిజాంపట్నం. పంచ్ అనే పానీయం ఇంగ్లిషు రాతలో కనిపించే తొలి ఉత్తరం, 1632 సెప్టెంబరులో రాబర్ట్ ఆడమ్స్ రాసినది, చేరింది ఆ పేటపోలి కొట్టుకే. సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, మసాలా దినుసు కలిపిన పానీయం పంచ్. వైను పీపాలు ఆరు నెలల సముద్ర ప్రయాణంలో పులిసిపోయేవి, లేదా దారిలోనే ఖాళీ అయ్యేవి. ఇక్కడ చిక్కిన మనుషులు వైనులో తమకు కావలసిందేమిటో విడదీసి చూసుకున్నారు. కొంత ఘాటు, కొంత పులుపు, కొంత తీపి, కొంత వాసన. నాలుగూ వేరు వేరుగా తీరంలోని అంగడిలో దొరికాయి. కొన్ని దశాబ్దాలకు బెంగాల్ వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే నల్లబెల్లంతో కాచిన సారాలో నిమ్మరసం, నీళ్లు, కాస్త జాజికాయ కలిపే ఇలాంటి పానీయాన్నే అక్కడ చూశాడు, దాన్ని మితం లేకుండా తాగితే ఆరోగ్యం పాడవుతుందని హెచ్చరించాడు. ఢిల్లీ అంగళ్లలో వైను దొరకదని, గోల్కొండలో, అహ్మదాబాదులో డచ్చి, ఇంగ్లిషువారి ఇళ్లలో తాగిన వైను మాత్రం ఫరవాలేదని కూడా రాశాడు. దక్కనులో ద్రాక్ష ఉంది, గంగ ముఖద్వారంలో లేదు. అందుకే ఒకచోట వైను, మరొకచోట పంచ్.

ఈ విడదీసి చూసే తెలివి ఓడల మీద వచ్చిందనుకుంటే పొరపాటు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణం చదివితే అది ఎంత పాతదో తెలుస్తుంది. ద్రాక్షరసంతో చేసిన మధువుకు అక్కడ తయారీ విధానమేమీ లేదు. కాపిశాయనం, హారహూరకం అని అది వచ్చిన ఊళ్ల పేర్లే ఉన్నాయి. కొలతలు, పాళ్లు ఇచ్చిందంతా మిగిలినవాటికి. ఆసవానికి వంద పలాల వెలగపండు, ఐదు వందల పలాల చెరకు పానకం, ఒక ప్రస్థం తేనె. పాళ్లు నాలుగో వంతు పెంచితే మేలు రకం, నాలుగో వంతు తగ్గిస్తే నాసిరకం అని వెంటనే చెబుతాడు. పులియబెట్టే కిణ్వానికి మినుముల ముద్ద, అది ఉడికినదైనా పచ్చిదైనా సరే, దానికి తగిన బియ్యం, కాస్త వనమూలిక. మైరేయానికి ఒక చెట్టు బెరడు కషాయం, బెల్లం, పిప్పళ్లు, మిరియాలు, లేకపోతే త్రిఫలాలు. ఆ ‘లేకపోతే’ రాయగలిగింది ఏ దినుసు ఏ పని చేస్తుందో తెలిసిన మనిషే. మరో మాట ఇంకా ముఖ్యం. మద్యం మీద రాజుకు పూర్తి పట్టు ఉండాలన్న ఆ గ్రంథమే గృహస్థులు శుభకార్యాలకు తెల్ల సురను, మందుకోసం అరిష్టాన్ని ఇంట్లో చేసుకోవచ్చునని అనుమతించింది, పండగలకు, జాతరలకు నాలుగు రోజుల వెసులుబాటు ఇచ్చింది. అమ్మకానికి చేసేది వేరు, ఇంటికి చేసుకునేది వేరు అన్న గీత అప్పుడే గీసి ఉంది.

కలకత్తాలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు క్రిస్మసుకు చేసుకునే వైను ఇదే పద్ధతికి నేటి సాక్ష్యం. బో బ్యారక్స్ ఈ వైనుకు పేరుపడ్డ చోటు. వైను ద్రాక్ష అక్కడ దొరకదు. అంగట్లో దొరికే తినే ద్రాక్షలో తీపి వైను ద్రాక్షలో ఉన్నంత ఉండదు, కాబట్టి చక్కెర కలుపుతారు. లేదా ఎండుద్రాక్ష వాడతారు, అందులో బరువులో దాదాపు మూడింట రెండొంతులు తీపే. కాబూలీవాలాలు మోసుకొచ్చే ఎండుద్రాక్ష కలకత్తా ఇళ్లకు కొత్త కాదు, టాగూరు 1892లో రాసిన కథ నాటికే వాళ్లు ఆ వీధుల్లో అందరికీ తెలిసినవాళ్లు. వైను ఈస్టుకు బదులు రొట్టె ఈస్టు వేస్తారు. అది మద్యసారం ఒక మోతాదు చేరగానే పని మానేస్తుంది, అందుకే ఇంటి వైనులో కాస్త తీపి మిగిలిపోతుంది. ఈస్టుకు తిండిగా గుప్పెడు గోధుమలు, రంగుకు మాడ్చిన చక్కెర గానీ బీట్‌రూట్ గానీ, పులుపు చాలకపోతే నిమ్మ, వగరు చాలకపోతే చిక్కటి టీ డికాక్షన్. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉందని రసాయనశాస్త్రం చెబుతుంది. ఆయుర్వేదంలో ద్రాక్షాసవంలాంటి వాటికి ధాతకీ పూలు వేస్తారు, వాటిలో వగరూ ఉంది, పులియబెట్టే సూక్ష్మజీవులూ ఉన్నాయి. తీపి, పులుపు, వగరు, పొంగు అనే నాలుగు పనులు తీరితే జాడీ నిలబడుతుంది. ఎవరూ ప్రయోగశాలలో నేర్చుకోకపోయినా పోయినేటి జాడీ ఎందుకు పాడైందో గుర్తుపెట్టుకున్నవారికి ఈ లెక్క తెలుసు.

ఇప్పుడు బడ్జ్ బడ్జ్ మిల్లుల దగ్గరికి వద్దాం. 19వ శతాబ్దం చివరి భాగంలో హుగ్లీ రెండు ఒడ్లా జనపనార మిల్లులు వరుసగా లేచాయి, బడ్జ్ బడ్జ్ ఆ వరుసలోదే. 1893, 1896 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలు దారి పడింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు ఈ మిల్లులకు వలసపోయారు, చాలామంది కుటుంబాలతో పోయారు, ఆడవాళ్లూ మిల్లుల్లో పనిచేశారు. వాళ్లు వదిలిపోయింది తాటితోపుల నేల. చేరుకున్న నేలలోనూ తాటిచెట్టు ఉంది, ఈత అంతకన్నా ఎక్కువగా ఉంది. తెలంగాణలో కల్లు గీసే ఈతా, దక్షిణ బెంగాల్లో శీతాకాలం గీసే ఈతా ఒకే జాతి చెట్టు. అయినా ఉపయోగం వేరు. బెంగాల్లో శివులీలనే గీతగాళ్లు రాత్రి కట్టే కుండకు ముందుగా పొగ పట్టిస్తారు, తెల్లవారుజామున దించిన రసాన్ని కాచి నొలెన్ గుర్ అనే బెల్లం చేస్తారు. మన దగ్గర నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, కల్లు కావాలంటే సున్నం పూయరు, నిన్నటి మడ్డి అంటిన లొట్టినే మళ్లీ కడతారు. చెట్టు ఒకటే, రసం ఒకటే. బెల్లమా, కల్లా అన్నది కుండకు చేసే పనిలో తేలుతుంది. అంటే వలసపోయినవారికి సరుకు కరువు రాలేదు. వారు పోగొట్టుకున్నది చెట్టు మీద హక్కును, కుండ పెట్టుకునే చోటును, పులిసేదాకా చూసుకునే తీరికను. కల్లు ఏ పూటకాపూట తాగాల్సింది, మిల్లు కూత పూటలను తన లెక్కకు కోసేసింది. ఊళ్లో యాత కులస్థుడు ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో ఎరిగి గీసేవాడు, తాగేవాడికీ ఆ చెట్టు తెలుసు. మిల్లు లైన్లలో ఆ ఎరుక తెగిపోయింది, దుకాణం ముందుకొచ్చింది.

చట్టం ఆ తెగిపోవడాన్ని స్థిరపరిచింది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కొబ్బరి, తాటి, ఈత, ఇంకా ఏ తాళజాతి చెట్టు రసమైనా, పులిసినా పులవకున్నా, అంతా కల్లే అంది. 1909 బెంగాల్ ఎక్సైజ్ చట్టమూ అక్కడ తాడి అని పిలిచే కల్లుకు అదే నిర్వచనం ఇచ్చింది. పులియబెట్టిన బియ్యం, చిరుధాన్యం వంటివాటన్నిటినీ పచ్వాయి అన్న ఒక్క మాట కిందికి చేర్చింది. తయారుచేసేవాడికి ఈతకూ తాటికీ తేడా రుచిలో, కాలంలో, చేతిపనిలో ఉంది. ఖజానాకు ఆ తేడా అక్కరలేదు, పన్ను కట్టారా లేదా అన్నదే చాలు. కొన్ని ఆదివాసీ సమూహాలు ఇంటి వాడకానికి పచ్వాయి చేసుకునే వీలు బెంగాల్లో మిగిలింది. బఖర్ బిళ్లలను అన్నంలో కలిపి పులియబెట్టే విద్య ఇవాళ్టికీ నిలిచిందంటే ఆ వీలు కూడా ఒక కారణం. మిల్లు కూలీకి అలాంటి మినహాయింపు ఏదీ ఆసరా కాలేదు. 1731 నాటి నావికుడి లెక్కే మళ్లీ వచ్చింది, పంచేవాడు నిర్ణయిస్తాడు, తాగేవాడు పుచ్చుకుంటాడు.

ఇక్కడ రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. ఒకటి, ద్రాక్ష లేనిది వైనే కాదు, బదులు సరుకులతో చేసింది అనుకరణే అన్నది. ద్రాక్ష నేలను, వానను, ఎండను తనలో దాచుకుంటుందన్న మాటలో నిజం ఉంది, కౌటిల్యుడు మధువును ఊరి పేరుతో పిలిచింది అందుకే. బో బ్యారక్స్ జాడీలోంచి బోర్డో రుచి రాదు, రావాలని ఎవరూ కోరలేదు. కానీ నేల గుణం ద్రాక్షకు మాత్రమే అంటుకుంటుందనడం తప్పు. ఈత బెల్లంలో బెంగాల్ చలికాలం ఉంది, తాటికల్లులో ఉత్తరాంధ్ర వేసవి ఉంది. తన నేల మీద దొరికినదాన్ని ఎరిగి పులియబెట్టినవాడు వేరే ఊరి వైనుకు నకలు చేయలేదు, తన ఊరి పానీయం చేశాడు.

రెండో అభ్యంతరం బరువైనది. బదులు సరుకులను, ఇంటి తయారీని మెచ్చుకోవడం నాటుసారా చావులను మరచిపోవడం కాదా? బడ్జ్ బడ్జ్ ఉన్న దక్షిణ 24 పరగణాల జిల్లాలోనే 2011 డిసెంబరులో సంగ్రామ్‌పూర్ పరిసరాల్లో కల్తీ సారా తాగి 170 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లు. ఆ చావులకు కారణం మిథనాల్ అనే విషం. పండో బెల్లమో బియ్యమో ఇంట్లో పులిసినందువల్ల ప్రాణం తీసేంత మిథనాల్ పుట్టదు. పరిశ్రమలకు వాడే చవక ద్రావకాన్ని తాగే సారాలో కలిపినప్పుడే అంత చేరుతుంది. అదీ ఒక బదులు సరుకే. కాకపోతే తాను తాగనివాడు, తాగేవాడి ముఖం చూడనివాడు పెట్టిన బదులు. తెలుగునేల మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం కూడా ఈ కోణంలో చూడాల్సిందే. వారుణి వాహిని అనే ప్రభుత్వ పథకం పేరుతో సారా ప్యాకెట్లుగా ఊరూరికీ, ఇంటి వాకిలి దాకా వచ్చింది, కూలి డబ్బులు ఇల్లు చేరకముందే కాంట్రాక్టరుకు చేరాయి. ఆ ఆడవాళ్లు నిలదీసింది ఈ సరఫరానే, 1993 అక్టోబరు 1 నుంచి సారాపై నిషేధం సాధించారు. ఇంట్లో పులిసినదీ మితం తప్పితే ఇల్లు కూలుస్తుంది, అది నిజమే, దాన్ని తోసిపుచ్చకూడదు. కానీ మితం తప్పడం ఒక దోషం, తెలియకుండా విషం తాగించడం మరో నేరం. రెంటినీ ఒకే గాటన కడితే ఇంటి జాడీ మీద నిఘా పెరుగుతుంది, కల్తీ సారా అడ్డాల మీద మాత్రం తగ్గుతుంది.

కాబట్టి పాత తయారీలను సేకరించేవాళ్లు దినుసుల పట్టీతో ఆగిపోకూడదు. వెలగపండు దొరక్కపోతే ఏం వేశారు, ఎండుద్రాక్షను ముందు వేడినీళ్లతో ఎందుకు కడిగారు, గంధకపు పొగ పట్టిన కిస్మిస్ వేసినప్పుడు పొంగు ఎందుకు ఆగింది, లొట్టికి ఏ ఋతువులో సున్నం పూశారు అన్న ‘ఎందుకు’లు కూడా రాసుకోవాలి. మిల్లు లైన్ల చరిత్ర రాసేవాళ్లు జీతాలు, సమ్మెలతో పాటు ఈ పోయిన చేతిపనిని కూడా నష్టాల ఖాతాలో వేయాలి. ద్రాక్ష లేని తీరం వైను లేని తీరం కానక్కర్లేదని మూడున్నర శతాబ్దాల కిందటే పేటపోలి నుంచి హుగ్లీ దాకా తేలిపోయింది. దొరికినదాన్ని ఎరిగి వాడుకోవడం పేదరికానికి గుర్తు కాదు, చేతిలో కుండ ఉన్నవాడి స్వాతంత్ర్యం. ఆ కుండ చేయి మారితే సరుకు ఎంత మంచిదైనా తాగేవాడికి మిగిలేది ధర చెల్లించడమే.