గొంతు పెంచే పెట్టె

మా అబ్బాయి రెండు పొడుగాటి స్పీకర్లు తెచ్చి హాల్లో నిలబెట్టినప్పుడు, మా అత్తగారు కుంకుమ భరిణె పట్టుకుని వాటికి బొట్టు పెట్టబోయారు. కొత్త బీరువాలనుకున్నారు పాపం! టవరు స్పీకర్లంటారట వాటిని. సినిమా పెడితే మాటలు బాగానే వినబడ్డాయి గాని, కాస్త పెంచితే బొంగురుపోతోంది. "రిసీవరులో దమ్ము చాలడం లేదమ్మా, విడిగా పవర్ ఆంప్లిఫయరు తగిలించాలి" అన్నాడు వాడు.

అని ఊరుకున్నాడా? మా రంపచోడవరంలో పెళ్ళిళ్ళకు మైకు సెట్టు పెట్టే ఆయన్ని బతిమాలి, ఆయన ఆంప్లిఫయరు మోసుకొచ్చాడు. తీగలు తగిలించాడు, మీట నొక్కాడు. టప్పుమని ఒక్క చప్పుడు, వెనకాలే కమురు వాసన! ఆర్నెల్ల జీతంలో మిగుల్చుకుని కొన్న జతలో ఒకటి మూగబోయింది. వాడి మొహం చూడలేకపోయాననుకోండి. అసలెందుకిలా అయిందని అడగబోతే, ఆ కథ నూరేళ్ళ వెనక్కి తీసుకుపోయింది నన్ను.

ఒకప్పుడు శబ్దం పెంచాలంటే బాకాయే గతి. పాత గ్రామఫోను మీద పెద్ద పువ్వులా విచ్చుకుని ఉండేది చూడండి, అదే. అది శబ్దాన్ని గాలిలోకి బాగా అందిస్తుందే గాని, తనుగా బలం చేర్చదు. బలం చేర్చగల వాల్వును అమెరికాలో లీ డి ఫారెస్టు 1906లో తయారుచేశాడు. 1915లో కాలిఫోర్నియాలో జెన్సన్, ప్రిడమ్ అనే ఇద్దరు తమ లౌడు స్పీకరును జనానికి వినిపించి, దానికి 'మాగ్నవాక్స్' అని పేరు పెట్టారు. లాటిన్‌లో పెద్ద గొంతు అని అర్థం. 1919లో అధ్యక్షుడు విల్సన్ శాన్ డియేగోలో సుమారు 50,000 మందికి వినబడేలా మాట్లాడింది దాంతోనే.

ఆ తర్వాత మూడేళ్ళకే, 1922 అక్టోబరులో, అల్లూరి సీతారామరాజు మా రంపచోడవరం పోలీసు స్టేషను మీదికొచ్చాడు. ఆయనకు మైకూ లేదు, వాల్వూ లేదు. వస్తున్నానహో అని మిరపకాయ టపా మాత్రం ముందుగా పంపేవాడు. మన్యం అంతటికీ వినబడడానికి అదే చాలింది!

సరే, స్పీకరు సంగతికొద్దాం. కాగితపు గరాటు, దాని మొదట్లో సన్నని తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం. ఇప్పటి స్పీకర్లన్నిటికీ మూలమైన ఈ అమరికను 1925లో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు కుదిర్చారు. అయితే అప్పటి రేడియోలకు దాన్ని కదిలించే సత్తువ లేదు. అందుకని స్పీకరు పెట్టెలోనే విడిగా ఒక ఆంప్లిఫయరు అమర్చి అమ్మారు. ఎంత బలమనుకున్నారు? ఒక్క వాటు! మా అబ్బాయి పడ్డ ఇబ్బంది ఆనాటిదేనన్నమాట.

బలం వచ్చినా బొంగురు పోలేదు. దానికి మందు 1927లో హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరుకు ఆఫీసుకెళ్తూ పడవలో తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో అచ్చు సరిగా పడని పేజీ మీదే ఆ లెక్క రాసుకున్నాడు. (మనం పాలలెక్క రాసుకోమూ?)

ఇక మా ఇంట్లో జరిగింది. మైకు సెట్టు ఆంప్లిఫయరు వెనక 4, 8, 16 ఓములనీ, 70, 100 వోల్టులనీ వేర్వేరు బిగింపులుంటాయి. చెట్టు చెట్టుకూ బాకాలు కట్టి చాలా దూరం తీగ లాగాలి గనుక, దారిలో బలం వృథా కాకుండా వోల్టులు పెంచి పంపి, బాకా దగ్గర తగ్గించుకుంటారు. మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు కరెంటును మైదానానికి పంపేదీ ఆ సూత్రం మీదే. ఇంటి స్పీకరులో ఆ తగ్గించే సాధనం ఉండదు. మావాడు 8 ఓముల దానికి తగిలించాల్సిన తీగను 100 వోల్టులకు తగిలించాడు. ఆ మైకు సెట్టు ఆయన పెట్టె బతికింది, అంతే మా అదృష్టం.

ఇంకొక సంగతి. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు కాదు, మూడు డెసిబెల్సే పెరుగుతుంది. చెవికి రెండింతలనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. అలాగని ఎక్కువ బలం దండగ కాదు. డోలు మీద హఠాత్తుగా దెబ్బ పడ్డ క్షణాన స్పీకరు ఎంతో అడుగుతుంది. ఇవ్వలేని ఆంప్లిఫయరు తరంగం తల నరికేస్తుంది. ఆ బొంగురు ఎక్కువసేపు సాగితే సన్నగొంతు స్పీకరు, అదే ట్వీటరు, కాలిపోతుంది కూడాను.

చివరికి కాలిన ట్వీటరు మార్పించి, మూడు నెలల తర్వాత ఇంటికి తగిన పవర్ ఆంప్లిఫయరే కొన్నాడు. రిసీవరు వెనక 'ప్రీ ఔట్' అనే రంధ్రాల్లోంచి దానికి తీగ. పెంచడం తగ్గించడం రిసీవరు పెత్తనమే, బరువు మోసేది మాత్రం కొత్త పెట్టె. మా ఇంటి పద్ధతే! ఎర్రదానికి ఎర్రతీగ, నల్లదానికి నల్లతీగ, ఈసారి రెండేసి సార్లు చూసుకుని బిగించాడు.

మొదట సినిమా పెడతాడనుకున్నాను. మారేడుమిల్లి వైపు కొండరెడ్ల పెళ్ళిలో ఫోనులో పట్టుకొచ్చిన డోళ్ళ చప్పుడు, కొమ్ముల నాట్యం పెట్టాడు, అదీ సగం గొంతులోనే. మా అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎవరింట్లోనే పెళ్ళి?" అంటూ వీధి తలుపు తీసి చూశారు.