ఎత్తు, పైఎత్తు, ఎత్తుగడ

చదరంగంలో పావు కదిపితే తెలుగులో దాన్ని ఎత్తు అంటాం. పావును పైకెత్తి మరో గడిలో పెట్టే చెయ్యి ఆ మాటలో కనిపిస్తుంది. పన్నాగం అన్న అర్థమూ అందులోనే ఉంది: ఎత్తు పారింది, ఎత్తు చిత్తయింది. ఇంత నిండైన మాట ఉండగా మన చదరంగ వ్యాసాల్లో 'మూవ్' అని రాయడం నాకు నచ్చదు.

కంప్యూటర్ ఇంజన్‌తో ఆట విశ్లేషించేవాళ్లకు ఈ మాట ఇంకా బాగా పనికొస్తుంది. ఆట రాసుకునేటప్పుడు తెలుపుదొకటి, నలుపుదొకటి కలిపి ఒకే నంబరు వేస్తారు. ఇంజన్ చూపే 'లోతు' లెక్కలో మాత్రం ఏ పక్షం వేసింది ఆ పక్షానిదే. మనకూ అంతే: నాది ఎత్తు, నీది పైఎత్తు. నా ప్రతి ఎత్తుకూ ఎదుటివాడు తనకు అన్నిటికన్నా మేలైన పైఎత్తే వేస్తాడనుకుని లెక్క కట్టాలని గణితవేత్త క్లాడ్ షానన్ 1950 నాటి వ్యాసంలో వివరించాడు. ఇంజన్ల వెతుకులాటకు పునాది అదే.

ఎత్తుకు తూకం అన్న అర్థం కూడా ఉంది. మేడారం జాతరలో బెల్లాన్నే బంగారం అంటారు; నిలువెత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు మనిషి బరువుకు సరిపడా బెల్లం తూచి ఇస్తారు. ఇంజన్ చేసేదీ తూకమే. బంటు విలువను ఒకటిగా పెట్టుకుని స్థితి మొత్తాన్ని ఒక్క అంకెలోకి దించుతుంది.

ఆ తూకం తడబడిన ఆట 1998లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నమెంటులో జరిగింది. తెల్లపావులు తొపలోవ్‌వి, నల్లపావులు షిరోవ్‌వి. డీప్ బ్లూ కంప్యూటర్ ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించి అప్పటికి ఏడాదైనా కాలేదు. షిరోవ్‌కు రెండు బంట్లు ఎక్కువే. కానీ ఒకరి శకటు తెల్లగడుల్లో, మరొకరిది నల్లగడుల్లో తిరుగుతుంటే అలాంటి ఆధిక్యం తరచు డ్రాగా కరిగిపోతుంది. షిరోవ్ 47వ ఎత్తుగా తన శకటును హెచ్3లో, తెల్లబంటు నోటికి అందేలా పెట్టాడు. ఆనాటి ప్రోగ్రాములు ఆ ఎత్తును పట్టుకోలేకపోయాయి. శకటు పోవడం వెంటనే కనిపిస్తుంది, ఫలం ఎన్నో ఎత్తుల అవతల ఉంది. తెల్లబంటు శకటును చంపగానే నల్లరాజు బయల్దేరి ఎఫ్5 మీదుగా ఈ4కు చేరాడు. డీ వరస బంటు ముందుకు కదిలింది, ఏ వరస బంటు కదలడానికి కాచుకుని ఉంది. వాటిని ఆపడం ఒంటి శకటుకు సాధ్యం కాక తొపలోవ్ 53వ ఎత్తు దగ్గర ఓటమి ఒప్పుకున్నాడు. తక్కిన ఆటంతా ఒక ఎత్తు, ఈ 47వ ఎత్తు ఒక్కటీ ఒక ఎత్తు.

ఇక ఎత్తుగడ. కథ ఎలా మొదలైందో చెప్పడానికీ ఆ మాటే, యుద్ధవ్యూహానికీ ఆ మాటే. షిరోవ్ ఎత్తుగడ ఒక్క వాక్యంలో ఇముడుతుంది: తెల్లరాజు అడ్డుపడకముందే నా రాజు ఈ4 చేరాలి, దానికి శకటు పోయినా సరే. నేటి ఇంజన్ ఎత్తునీ అంకెనీ ఇస్తుంది, ఈ వాక్యాన్ని ఇవ్వదు. దాన్ని మనమే రాబట్టుకోవాలి. విశ్లేషణ అంటే నా దృష్టిలో ఆ పనే.

ఈ స్థితిని బల్ల మీద పేర్చి చూడండి. తెలుపు: రాజు జీ1, శకటు సీ3, బంట్లు జీ2, హెచ్4. నలుపు: రాజు ఈ6, శకటు ఎఫ్5, బంట్లు ఏ4, డీ5, ఎఫ్6, జీ6. ఎత్తు నలుపుది. శకటు హెచ్3కు వచ్చాక తెలుపు దాన్ని చంపకుండా రాజును ఎఫ్2కు తెస్తే నలుపు ఎలా గెలుస్తుందో కాగితం మీద రాసుకోండి. ఇంజన్ ఆ తర్వాత తెరవండి.