కారు ఆగని గుమ్మం

ఏ కుటుంబం కథయినా రెండు చోట్ల దొరుకుతుంది. ముందుగది గోడకి తగిలించిన ఫోటోల్లో కొంత, అటకమీది ట్రంకుపెట్టెలో కొంత. మొదటిది ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపిస్తాం. రెండోది ఎవరైనా తెరవబోతే "ఇప్పుడవన్నీ ఎందుకులే" అని మూత వేసేస్తాం. అసలు సంగతులు ఎందులో ఉంటాయో ఇల్లు నడిపే ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?

పాటలు పాడే బృందాలకీ ఇదే లెక్క. ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలుంటే వాళ్ళ నల్ల బనీను మీద ఒక బొమ్మ చూసే ఉంటారు. మధ్యలో గాజు త్రికోణం. ఒక పక్కనించి సన్నటి తెల్లని వెలుగు లోపలికి వెళ్తుంది, రెండో పక్కనించి ఇంద్రధనుస్సు బయటికొస్తుంది. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు బృందం 1973లో విడుదల చేసిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' రికార్డు అట్టమీది బొమ్మ అది. కోట్ల మీద అమ్ముడుపోయిన రికార్డు. అది వాళ్ళ ముందుగది ఫోటో అన్నమాట. చాలామంది దాన్ని చూసి సంతోషించి వెళ్ళిపోతారు.

కానీ కొందరు అభిమానులుంటారు, వాళ్ళకి అటక ఎక్కితేగాని తోచదు. ఆ ఫోటోకి ముందు ఈ ఇంట్లో ఎవరుండేవారు? ఎందుకు వెళ్ళిపోయారు? పాడి కూడా బయటికి రానివ్వని పాటలేమిటి? ఇదే వాళ్ళ ధ్యాస. వాళ్ళ వెనకాలే మనమూ ఒకసారి నిచ్చెన ఎక్కుదాం. రాక్ సంగీతం మీకు నచ్చకపోయినా ఫరవాలేదు. లోపల దొరికేది సంగీతం ఒక్కటే కాదు.

ముందు ఆ పేరు సంగతి. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అని అమెరికాలో ఇద్దరు బ్లూస్ గాయకులుండేవారు. చెరో పేరులోంచీ ఒక ముక్క తీసి అతికించిన కుర్రవాడి పేరు సిడ్ బారెట్. అసలు పేరు రోజర్ కీత్ బారెట్. 1946 జనవరి 6న కేంబ్రిడ్జిలో పుట్టాడు. డాక్టరైన తండ్రి 1961 డిసెంబరులో, కొడుక్కి పదహారో ఏడు నిండకుండానే పోయాడు. అదే ఊళ్ళో రోజర్ వాటర్స్ అని ఇంకో కుర్రవాడు. ఇతని తండ్రి 1944లో ఇటలీ యుద్ధరంగంలో చనిపోయాడు, అప్పటికి పిల్లవాడు అయిదు నెలలవాడు. మూడోవాడు డేవిడ్ గిల్మర్. సిడ్‌కి కాలేజీ స్నేహితుడు, ఇద్దరూ కలిసి గిటారు సాధన చేసేవారు. ముగ్గురూ చిన్నప్పటినించీ ఒకరినొకరు ఎరిగున్నవాళ్ళే. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తరవాత అవసరం పడుతుంది.

వాటర్స్ లండన్ వెళ్ళి ఆర్కిటెక్చరులో చేరాడు. అక్కడ డ్రమ్ములు వాయించే నిక్ మేసన్, కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ కలిశారు. చిత్రకళ నేర్చుకోడానికి వచ్చిన సిడ్ వీళ్ళతో చేరాడు. బాబ్ క్లోజ్ అని మరో గిటారు కుర్రవాడు కూడా ఉండేవాడు. ఈ అయిదుగురూ కలిసి కొన్ని పాటలు రికార్డు చేసుకున్నారు. అందులో ఒకదాంట్లో రైట్ భార్య జూలియట్ గేల్ గొంతు కలిపింది. 1965లోనే "చదువు చూసుకో నాయనా" అని తండ్రీ మేష్టార్లూ పోరగా క్లోజ్ తప్పుకున్నాడు. ఆ పాటలు సరిగ్గా యాభై ఏళ్ళ తరవాత, 2015లో బయటికొచ్చాయి. బృందంలో ఎవరెప్పుడు చేరారు, ఎవరెప్పుడు పోయారు అని అభిమానులు పట్టికలు వేస్తూంటారు. వాటిలో క్లోజ్ పేరు కనబడుతుంది. జూలియట్ పేరు మామూలుగా కనబడదు. మనకి ఆశ్చర్యం కాదనుకోండి!

ఇక 1966, 67 సంవత్సరాలు. లండన్‌లో యు.ఎఫ్.ఓ. అనే క్లబ్బులో వీళ్ళ కచేరీలు. గాజు పలకల మధ్య రంగునూనెలు పోసి, వెనకనించి దీపం వేసి, ఆ కదిలే రంగుల్ని గోడలమీదా పాడేవాళ్ళ మీదా పడేట్టు చేసేవారు. పాటలు కూడా మూడు నిమిషాల్లో ముగియక, కలలో నడిచినట్టు ఎటో వెళ్ళిపోయేవి. దానికే సైకెడెలిక్ సంగీతం అని పేరు. ఆ రంగుల వెనక ఎల్.ఎస్.డి. అనే మాదకద్రవ్యం ఉన్న మాటా దాచక్కర్లేదు.

మొదటి పాట 'ఆర్నాల్డ్ లేన్' 1967 మార్చిలో వచ్చింది. దేని గురించనుకున్నారు? పెరట్లో తీగమీద ఆరేసిన ఆడవాళ్ళ బట్టలు ఎత్తుకుపోయే ఒక వింతదొంగ గురించి! కేంబ్రిడ్జిలో సిడ్ తల్లీ వాటర్స్ తల్లీ తమ ఇళ్ళల్లో చదువుకునే అమ్మాయిలకి గదులు అద్దెకిచ్చేవారు. వాళ్ళ బట్టలు నిజంగానే పోయేవి. అదీ పాటకి ముడిసరుకు. ఆగస్టులో మొదటి ఆల్బం, 'ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్'. కెనెత్ గ్రాహం రాసిన 'ది విండ్ ఇన్ ది విల్లోస్' అనే పిల్లల పుస్తకంలో ఒక అధ్యాయం పేరది. పదకొండు పాటల్లో ఎనిమిది సిడ్ ఒక్కడివే. పిల్లి, దిష్టిబొమ్మ, సైకిలు, అమ్మ చెప్పే కథ... ఇవీ అతని వస్తువులు. వయసు ఇరవై ఒకటి.

ఆ ఏడాది చివరికే కుర్రవాడు మారిపోయాడు. మందు తిన్నదా, మనసులో ముందే ఉన్న బీటా, అకస్మాత్తుగా మీదపడ్డ పేరా... డాక్టర్లు కానివాళ్ళం, మనం రోగానికి పేరు పెట్టకూడదు. వేదికమీద అందరూ వాయిస్తూంటే అతను గిటారు పట్టుకుని అలా నిలబడిపోయేవాడు. అమెరికా వెళ్తే, టెలివిజన్‌లో అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా శూన్యంలోకి చూశాడు.

సరిగ్గా ఆ నెలల్లోనే రెండు పాటలు రికార్డయ్యాయి. ఒకటి 'స్క్రీమ్ దై లాస్ట్ స్క్రీమ్'. ఇందులో చాలా భాగం పాడింది డ్రమ్ముల మేసన్. రెండోది 'వెజిటబుల్ మాన్'. ఇందులో సిడ్ ఒంటిమీదున్న బట్టలు ఒక్కొక్కటీ వర్ణించుకుంటూ తనని తనే ఒక కూరగాయల మనిషిగా పాడుకున్నాడు. విన్నవాళ్ళకి నవ్వురాదు, భయం వేస్తుంది. బృందం వాటిని పెట్టెలో పెట్టి తాళం వేసింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారే, అలాంటి భయమే అయివుండాలి. మేనేజరు పీటర్ జెన్నర్ మాత్రం ఇవి లోకం వినాల్సినవే అనుకున్నాడు. తన దగ్గరున్న ప్రతుల్ని కొందరికి వినిపించాడు. అక్కణ్ణించి ఆ పాటలు టేపు మీద టేపుగా, గరగరలతో, చేతులు మారుతూ దేశాలు తిరిగాయి. అధికారికంగా వెలువడింది ఎప్పుడో తెలుసా? 2016లో, పాత రికార్డింగులన్నీ కలిపి వేసిన పెద్ద సంపుటంలో. 49 ఏళ్ళు! అన్నాళ్ళూ వాటిని బతికించింది కంపెనీవాళ్ళు కాదు, అటక ఎక్కే అభిమానులే.

1968 జనవరిలో చిన్ననాటి స్నేహితుడు గిల్మర్‌ని అయిదోవాడిగా చేర్చుకున్నారు. సిడ్ వాయించలేనప్పుడు గిల్మర్ వాయిస్తాడని ఏర్పాటు. సిడ్ ఇంట్లో కూర్చుని పాటలు రాసిస్తే చాలనుకున్నారు. ఒకరోజు సాధనకి సిడ్ కొత్త పాట తెచ్చాడు. మిగతావాళ్ళు కష్టపడి నేర్చుకోబోతే ప్రతిసారీ వరస మార్చేస్తాడు. మార్చేసి, "ఇంకా రాలేదా మీకు?" అని అడుగుతాడు. చాలాసేపటికిగాని వాళ్ళకి సంగతి తెలియలేదట. మతి తప్పిన పనా, లేక తన చోటు ఇంకొకరికిస్తున్నవాళ్ళని ఆటపట్టించడమా? ఆ పాట టేపు మీదికే ఎక్కలేదు.

ఆ నెలాఖరులో సౌతాంప్టన్‌లో కచేరీ. నలుగురూ కారులో బయల్దేరారు. దారిలో ఒకరు, సిడ్‌ని ఎక్కించుకుందామా అన్నారు. ఇంకొకరు, ఎందుకులే అన్నారు. కారు ఆ గుమ్మం ముందు ఆగలేదు. అంతే. పోట్లాట లేదు, "నువ్వు రావద్దు" అన్న మాట లేదు. అతను బృందంలో లేడని లోకానికి చెప్పింది ఏప్రిల్‌లో.

ఈ పద్ధతి మనకి తెలియనిదా చెప్పండి? పెళ్ళికి పిలవాల్సినవాళ్ళ జాబితా రాస్తూంటే ఒక పేరు దగ్గర కలం ఆగుతుంది. "వాడొస్తే నలుగురిలో ఏం చేస్తాడో" అంటారొకరు. "చెప్పకపోతే వాడికి మాత్రం ఏం తెలుస్తుంది" అంటారింకొకరు. ఎవరిదీ చెడ్డ బుద్ధి కాదు. మొహంమీద చెప్పే ధైర్యం లేకపోవడం, అంతే. కానీ ఆగకుండా వెళ్ళిపోయిన కారు చప్పుడు లోపలున్నవాడికి వినబడదని ఎవరు చెప్పగలరు?

న్యాయం చెప్పాలంటే, ఆ నలుగురూ ఇరవై ఒకటి, ఇరవై నాలుగేళ్ళ మధ్య కుర్రాళ్ళు. అతన్ని పూర్తిగా వదిలెయ్యనూ లేదు. 1970లో సిడ్ పేరుతో రెండు ఆల్బములొచ్చాయి. మొదటిదానికి గిల్మర్, వాటర్స్, రెండోదానికి గిల్మర్, రైట్ దగ్గరుండి సాయంపట్టారు. వాద్యం వాయించడానికొచ్చినవాళ్ళు "ఏ శ్రుతి?" అని అడిగితే సిడ్ "అవును" అనేవాడట. ఒక పాటలో అతను మొదలెట్టి, గొంతు తప్పి, ఆపి, మళ్ళీ మొదలెట్టడం కూడా అలాగే ఉంచేశారు. నిజం నిజంలా ఉంచడం మంచిదేనా, పడిపోతున్నవాణ్ణి పదిమందికి చూపించినట్టా? అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ రికార్డు పని మొదట చూసిన మాల్కం జోన్స్‌కే అది నచ్చలేదు. నాకూ ఆ చోట వినబుద్ధి కాదు.

తరవాత కథ త్వరత్వరగా చెప్పేస్తాను. 1972లో ఇంగ్లండులో అభిమానులు సిడ్ కోసం సంఘం పెట్టి, 'టెరపిన్' అని పత్రిక నడిపారు. 1975 జూన్‌లో, మిగతా నలుగురూ లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో సిడ్‌ని తలుచుకుంటూ రాసిన పాట పని మీద ఉన్నారు. గుండూ, కనుబొమలూ గొరిగించుకున్న ఒక లావుపాటి మనిషి లోపలికొచ్చాడు. ఎవరో సిబ్బంది అనుకున్నారు. అతనే సిడ్ అని గుర్తుపట్టేసరికి కన్నీళ్ళు ఆగలేదు. ఎవరి కోసం పాడుతున్నారో ఆ మనిషి ఎదురుగా నిలబడితే పోల్చుకోలేకపోయారు!

ఆ ఇంట్లో పిలవకపోవడం అక్కడితో ఆగిందా? 1979లో వాటర్స్ పట్టుబట్టి రైట్‌ని తీసేయించాడు. జీతగాడిగా మళ్ళీ వాయించిన ఆ కచేరీలకి భారీగా నష్టం వచ్చింది, లాభపడింది జీతం పుచ్చుకున్న రైట్ ఒక్కడే! 1985లో వాటర్సే బయటికి నడిచాడు. తను లేకుండా ఆ పేరు వాడకూడదని కోర్టుకెక్కాడు. 1987 చివర్లో రాజీపడ్డారు, పేరు మిగతావాళ్ళకే మిగిలింది. మళ్ళీ నలుగురూ ఒక్క వేదిక ఎక్కింది 2005 జులై 2న, లైవ్ 8 కచేరీలో. ఆరోజు వాటర్స్ సిడ్‌ని తలుచుకున్నాడు. సిడ్ అక్కడ లేడు.

మరెక్కడున్నాడు? కేంబ్రిడ్జిలో తల్లి దగ్గర. సిడ్ అన్న పేరు వదిలేసి మళ్ళీ రోజర్ అయ్యాడు. తోటపని, బొమ్మలు వెయ్యడం, సైకిలుమీద బజారుకెళ్ళి సామాన్లు తెచ్చుకోవడం. వేసిన బొమ్మ ఫోటో తీసుకుని, బొమ్మ కాల్చేసేవాడు. తల్లి పోయాక చెల్లెలు రోజ్‌మేరీ కనిపెట్టుకుని ఉండేది. పాత పాటల రాబడి అతనికి అందేట్టు గిల్మర్ చూసేవాడు. 2001లో వేసిన సంకలనంలో ఇరవై ఆరు పాటల్లో అయిదు సిడ్‌వి. అభిమానులు మాత్రం సముద్రాలు దాటొచ్చి తలుపు కొట్టేవారు, దారికాసి ఫోటోలు తీసేవారు. అతను పలికేవాడు కాదు.

నేను ఈ అభిమానుల్ని ఒకచోట మెచ్చుకుంటాను, ఒకచోట కోప్పడతాను. తాళం వేసిన పాటల్ని యాభై ఏళ్ళు కాపాడారే, అక్కడ చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చు. ముందుగది ఫోటోలో లేనివాడు ఈ ఇల్లు కట్టాడన్న సంగతి వాళ్ళవల్లే నిలిచింది. 2018 నించీ మేసన్ వేరే బృందంతో ఆ మొదటినాటి పాటలే వాయిస్తున్నాడంటే, అందులో 'వెజిటబుల్ మాన్' కూడా వేదికెక్కిందంటే, వినేవాళ్ళు మిగిలి ఉండబట్టే కదా. కానీ పాట మనది, మనిషి మనవాడు కాదు. ఆ తలుపు కొట్టినవాళ్ళు అడిగింది సిడ్‌ని. లోపలున్నది రోజర్. అతనికి భోజనం చేశావా అని అడిగేవాళ్ళు కావాలిగాని, కొత్త పాటేదీ అని అడిగేవాళ్ళు కాదు. ఆ మొదటి ప్రశ్న అడిగింది చెల్లెలు. ఆవిడ పేరు ఏ రికార్డు అట్టమీదా ఉండదు.

2006 జులై 7న అరవయ్యో ఏట అతను పోయాడు. ఆ నవంబరులో ఇంట్లో సామాన్లు వేలం వేశారు. తనే చెక్కుకున్న నాటు బల్లలు, వేసిన బొమ్మలు, సైకిళ్ళు. లక్ష పౌండ్లకు పైగా వచ్చింది, చిత్రకళ నేర్చుకునే పిల్లల చదువుకి ఇచ్చారు. మొదటి ఆల్బంలో ఆఖరి పాట సైకిలు మీదే. అందులో కుర్రవాడు తన సైకిలు ఒక అమ్మాయికి చూపించి మురిసిపోతాడు. ఇప్పటికీ పెట్టి వినొచ్చు. ఇరవై ఒక్కేళ్ళ గొంతు, ఇంకా ఎవరూ వదిలేసి వెళ్ళని గొంతు, హాయిగా నవ్వుతూ ఉంటుంది.