లోహం కంటే ముందు కొయ్యతో ఎగిరిన మరుత్

మన ఇంటి బ్లాగులో ఇంతవరకూ పొలాలు, చెరువులు, పెళ్ళి ఫొటోలు, పాత పత్రాలు అన్నీ వచ్చినాయి. ఈసారి యుద్ధ విమానాల గురించి రాస్తున్నా. పరగోడుకూ వాటికీ ఏం సంబంధం అని అడిగేవాళ్ళు ఉంటారు. బాగేపల్లి నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుంటే సిటీ చేరకముందే యలహంక వస్తుంది. 1996 నుంచి ఏరో ఇండియా ప్రదర్శన జరిగేది అక్కడి వైమానిక స్థావరంలోనే. ఇంకా లోపలికి పోతే హెచ్‌ఏఎల్. మన పక్కవాళ్ళు చదువుకీ, కూలికీ, ఉద్యోగానికీ పొయ్యే దారిలోనే మన దేశపు విమానాల చరిత్ర చాలా ఉంది.

నేను ప్లాస్టిక్ కిట్లు అతికించి చిన్న విమానాలు, ట్యాంకులు చేస్తా ఉంటాను. చూసినవాళ్ళు "ఈ వయసులో బొమ్మలేంది నాయనా" అంటారు. ఆ మాటకు జవాబు ఈ బొమ్మల చరిత్రలోనే ఉంది.

మోడల్‌కు మొదటి లెక్క స్కేలు. విమానాలకు బాగా వాడే స్కేలు 1:72, అంటే అసలు విమానంలో ఆరడుగులు మోడల్‌లో ఒక అంగుళం. ఆరడుగుల పైలట్ మోడల్‌లో ఒక్క అంగుళం ఉంటాడన్నమాట. 1930లలో ఇంగ్లండులో స్కైబర్డ్స్ అనే కొయ్య కిట్లు ఈ లెక్కను అలవాటు చేసినాయి. తర్వాత ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో ప్లాస్టిక్ స్పిట్‌ఫైర్‌ను అమ్మింది, అప్పటినుంచి ఇది ఇంటింటి పని అయింది. ట్యాంకులకు వాడే 1:35 స్కేలు వెనక ఇంత చక్కని లెక్క లేదు. 1960ల మొదట్లో జపానులో తమియా కంపెనీ పాంథర్ ట్యాంకు కిట్ చేసేటప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టే సైజు చూసుకున్నారు. అది 1:35 దగ్గర కుదిరింది, అదే ప్రపంచమంతా నిలబడిపోయింది.

ఈ రెంటి నడుమ రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆకాశంలో కనిపించే విమానం మనదా, శత్రువుదా అని క్షణంలో తేల్చుకోవాల. పొరపాటు పడితే సొంత మనుషులనే కూల్చేస్తారు. అందుకని 1942లో అమెరికా నౌకాదళం బడి పిల్లలను 5 లక్షల కొయ్య విమానాలు చేసిపెట్టమని అడిగింది. స్కేలు అదే 1:72. నల్ల రంగు పూసిన ఆ మోడళ్ళను చూసి సైనికులు ఆకారం గుర్తుపట్టడం నేర్చుకున్నారు. రెక్క వంపు తప్పుగా చెక్కితే దాన్ని చూసి నేర్చుకున్నవాడి గురి కూడా తప్పే. కాబట్టి అవి ఆటకు చేసిన బొమ్మలు కావు.

ఇంక మన బెంగళూరు సంగతి. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సంస్థానం కలిసి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదలుపెట్టినారు. 1956లో కుర్ట్ టాంక్ అనే జర్మన్ ఇంజనీరు అక్కడికి వచ్చినాడు. యుద్ధకాలంలో జర్మనీ వాడిన ఫోకె-వుల్ఫ్ 190 ఆయన రూపకల్పనే. ఇక్కడ ఆయన గీసింది హెచ్‌ఎఫ్-24 మరుత్. అప్పటి మన దేశంలో ఇలాంటి జెట్ యుద్ధవిమానం ఇంతకుముందు ఎవరూ చేసింది లేదు. నేరుగా లోహంతో చేసి ఎగరేస్తే ఏమవుతుందో తెలీదు. అందుకని ముందు అదే ఆకారంలో, అదే సైజులో కొయ్యతో ఒక గ్లైడర్ చేసినారు. దానికి ఇంజన్ లేదు. 1959లో డకోటా విమానం వెనక కట్టి పైకి లాక్కుపోయి వదిలినారు. అది జారుకుంటా దిగుతా ఉంటే గాలిలో ఎట్లా నడుచుకుంటుందో పరీక్ష చేసినారు. మోడలింగ్ భాషలో చెప్పాలంటే అది 1:1 స్కేలు కొయ్య మోడల్. దాని తర్వాతే 1961 జూన్‌లో లోహపు మరుత్ ఎగిరింది. నడిపింది వింగ్ కమాండర్ సురంజన్ దాస్. ఆయనే 1970 జనవరిలో మరుత్ పరీక్షా విమానం కూలి చనిపోయినారు. హెచ్‌ఏఎల్ దగ్గర సురంజన్ దాస్ రోడ్డులో రోజూ ట్రాఫిక్‌లో నిలబడేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసు?

మరుత్‌కు అనుకున్న బలమైన ఇంజన్ దొరకలేదు. చిన్న న్యాట్ విమానంలో ఒకటి ఉండే ఆర్ఫియస్ ఇంజన్‌నే ఇందులో రెండు పెట్టినారు. ధ్వనికి రెండింతల వేగం అనుకున్నది ఆ దగ్గరికి కూడా పోలేదు. అయినా శిక్షణ రకంతో కలిపి 147 తయారైనాయి, 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారి మీద పనిచేసినాయి. 1990 నాటికి అన్నీ విశ్రాంతికి పోయినాయి.

ఇప్పుడు నాలాంటివాడి చిక్కు చూడండి. అదే టాంక్ గీసిన ఫోకె-వుల్ఫ్ 190 కిట్ ఏ కంపెనీదైనా దొరుకుతుంది. పెద్ద కంపెనీల పెట్టెల్లో మరుత్ మాత్రం కనపడదు. చిన్న తయారీదారులు చేసిన రెసిన్ కిట్‌ను వెతుక్కోవాల, లేదంటే కొలతలు పట్టుకొని సొంతంగా చెక్కుకోవాల. అసలు పొడవు 15.87 మీటర్లు, 1:72లో 22 సెంటీమీటర్లు. నడుము దగ్గర సన్నబడే ఆ వంపు, తోక కింద పక్కపక్కన రెండు గొట్టాలు కుదిరితేనే అది మరుత్.

న్యాట్‌ది ఇంకో కథ. ఎయిర్‌ఫిక్స్ అమ్మిన పాత న్యాట్ కిట్ బ్రిటన్ వాళ్ళ రెండు సీట్ల శిక్షణ విమానం, 1965 నుంచి 1979 దాకా రెడ్ ఆరోస్ బృందం నడిపిన రకం. మనవాళ్ళు నడిపింది ఒక్క సీటుది. వెనక సీటు తీసేస్తే చాలదు, ఆ శిక్షణ రకానికి రెక్కలు కూడా పెద్దవి. వాటిని కోసి, సాండ్ పేపర్‌తో రుద్ది, పుట్టీ పెట్టి మళ్ళీ రుద్దితేగానీ 1971 నవంబరు 22న బోయ్‌రా దగ్గర పాకిస్తాన్ సేబర్‌లను కూల్చిన న్యాట్ మన బల్ల మీదికి రాదు.

రంగు దగ్గర ఇంకా కష్టం. మన వైమానిక దళం గుర్తులో బయటి వలయం కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. జెండా అలవాటుతో దీన్ని తిరగేసి వేసేవాళ్ళు ఉన్నారు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, దేన్ని చూసినా "ఏ వెర్షన్?" అని అడగడం అలవాటు. మోడల్‌కూ ప్రశ్న అదే. ఏ స్క్వాడ్రన్, ఏ సంవత్సరం, ఏ రంగు? ఒక విమానం ఇరవై ఏళ్ళలో పదిసార్లు మారిపోతుంది. ఫలానా సంవత్సరంలో ఇట్లా ఉండేది అని ఆధారంతో చెప్పగలిగితే అది చరిత్ర, చెప్పలేకపోతే అలంకారం.

దసరాకు మన ఇండ్లలో బొమ్మల కొలువు పెడతారు. ఆ బొమ్మలతో ఎవరూ ఆడరు. చూస్తారు, కథ అడుగుతారు, పెద్దవాళ్ళు చెప్తారు. నేను చేసే విమానాలూ ఆ జాతివే. పక్కన కథ చెప్పే మనిషి లేకపోతే అవి వట్టి ప్లాస్టిక్.

అసలు మరుత్‌ను చూడాలనుకుంటే హెచ్‌ఏఎల్ మ్యూజియంలో, కస్తూర్బా రోడ్డు విశ్వేశ్వరయ్య మ్యూజియంలో నిలబెట్టి ఉన్నారు. పిల్లకాయలను తీసుకుపోండి. విమానం అక్కడే ఉంటుంది, దాన్ని బిగించిన చేతులు మాత్రం ఎల్లకాలం ఉండవు. 1960లలో ఆ షెడ్లలో చేరిన కుర్రవాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటింటాయి. మన బంధువుల్లోనో, వీధిలోనో అట్లాంటి పెద్దాయన ఉంటే పోయి కూర్చోండి. ఏం పని చేసినారు, ఏ సంవత్సరం, షెడ్డు బయటికి వచ్చేటప్పుడు దాని రంగు ఏంది, ఈ మూడు అడగండి. చెప్పింది చెప్పినట్టు, తెలుగులోనో కన్నడంలోనో, రాసి ఇక్కడికి పంపించండి. పాత ఫొటో ఉంటే వెనకపక్క రాసిన తేదీ కూడా ఫొటో తీయండి.