కోసిన రొట్టె: ఒక వస్తువు నుడికారంగా మారిన క్రమం

వ్యాససంగ్రహం

ఆంగ్లంలో ఒక కొత్త వస్తువునో ఆలోచననో మెచ్చుకోవడానికి ‘ది గ్రేటెస్ట్ థింగ్ సిన్స్ స్లైస్డ్ బ్రెడ్’ అనే పలుకుబడి వాడుకలో ఉంది. ఈ పలుకుబడికి ఆధారమైన వస్తువు 1928లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో అంగడికి వచ్చింది. వస్తువు పుట్టిన తేదీ, అది ఇంటి అలవాటైన కాలం, నుడికారంగా వినిపించిన కాలం మూడూ లిఖితాధారాలతో తెలియడం ఇక్కడి విశేషం. ఒక వస్తువు మెప్పుకు కొలబద్దగా మారడానికి దాని గొప్పతనం ఒక్కటే చాలదనీ, అది అలవాటై, ఒకసారి చేజారి, తిరిగి దక్కిన అనుభవం కూడా తోడ్పడుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ వెలుగులో తెలుగు సామెతలలోని వస్తువుల అధ్యయనావశ్యకతను సూచిస్తుంది.

కీలకపదాలు: సామెత, జాతీయం, నుడికారం, భౌతిక సంస్కృతి, కోసిన రొట్టె, కొలమానం.

1. ఉపోద్ఘాతం

సామెతలకు, జాతీయాలకు కర్త ఉండడు. చాలావరకు కాలం కూడా తెలియదు. 1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ మద్రాసులో ప్రకటించిన తెలుగు సామెతల సంకలనం వంటివి ఒక సామెత ఏనాటికి వాడుకలో ఉన్నదో చెప్పగలవు గాని, ఏనాడు పుట్టిందో చెప్పలేవు. అందువల్ల ఒక వస్తువు నిత్యజీవితంలోకి ప్రవేశించడానికీ, అది జనుల నాలుకపై పోలికగా స్థిరపడడానికీ నడుమ ఏమి జరుగుతుందన్న ప్రశ్నకు పరిశోధకులు తరచు ఊహనే ఆశ్రయించవలసి వస్తుంది.

ఈ ప్రశ్నకు ఆధారాలతో సమాధానం వెదకడానికి వీలిచ్చే అరుదైన ఉదాహరణ కోసిన రొట్టె. దానిని గురించిన ఆంగ్ల పలుకుబడిని ‘కోసిన రొట్టె వచ్చాక ఇంత గొప్పది మరొకటి రాలేదు’ అని తెనిగించవచ్చు. అర్థం తెలుస్తుంది గాని రుచి దిగదు. ముందే కోసిన రొట్టెలో అంత గొప్పేమిటన్న సందేహం తెలుగు పాఠకునికి కలగడం సహజం. ఆ సందేహానికి సమాధానం నిఘంటువులో కన్న వస్తువు చరిత్రలోనే దొరుకుతుంది.

2. యంత్రం, తొలి అంగడి

రొట్టెను కోసే యంత్రాన్ని రూపొందించిన ఓటో ఫ్రెడరిక్ రోవెడర్ అయోవా రాష్ట్రానికి చెందినవాడు. వృత్తిరీత్యా నగల వర్తకుడు; మిస్సోరిలోని సెయింట్ జోసెఫ్ పట్టణంలో అతనికి దుకాణాలు ఉండేవి. వాటిని అమ్మి, ఆ సొమ్మును యంత్ర నిర్మాణానికి వినియోగించాడు. 1917లో ఇల్లినాయి రాష్ట్రంలోని మన్మత్ పట్టణంలో జరిగిన అగ్నిప్రమాదంలో అతని యంత్ర నమూనా, చిత్తు పటాలు కాలిపోయాయి. పని మళ్ళీ మొదటికి వచ్చింది. యంత్రం సిద్ధం కావడానికి దాదాపు మరో పదేళ్ళు పట్టింది.

రొట్టె కాల్చే వర్తకుల నుంచి అతనికి ఎదురైన ప్రధానమైన అభ్యంతరం సహేతుకమైనదే. కోసిన రొట్టెకు గాలి సోకే ఉపరితలం పెరుగుతుంది కనుక అది త్వరగా ఎండిపోతుంది. ముక్కలను సూదుల వంటి పుల్లలతో గుచ్చి కలిపి ఉంచాలన్న తొలి ప్రయత్నం ఫలించలేదు. చివరకు కోసిన వెంటనే మైనపు కాగితంలో చుట్టే ఏర్పాటు కుదిరింది. కనుక ఈ ఆవిష్కరణలో కత్తికి ఎంత పాలు ఉందో కాగితానికీ అంత పాలు ఉంది. ఈ విషయం తరువాతి చర్చకు ముఖ్యం.

1928 జూలై 7న మిస్సోరిలోని చిల్లికాతె పట్టణంలో చిల్లికాతె బేకింగ్ కంపెనీ ‘క్లీన్ మెయిడ్’ పేరుతో ముందే కోసిన రొట్టెను అమ్మకానికి పెట్టింది. ఆ ముందురోజు స్థానిక దినపత్రిక కాన్‌స్టిట్యూషన్-ట్రిబ్యూన్‌లో దీనిని గురించి వార్త, ప్రకటన రెండూ వచ్చాయి. రోవెడర్ యంత్రానికి పేటెంటు 1932 జూలై 12న లభించింది.

3. పొట్లం నుంచి కోతకు

కోసిన రొట్టె ఎందుకంత త్వరగా జనాదరణ పొందింది? శ్రమ తగ్గించిందన్నది వెంటనే తోచే సమాధానం. అయితే రొట్టె కోయడం అంతకుముందు తరాలకు అంత శ్రమగా ఎందుకు తోచలేదన్న ప్రశ్న మిగులుతుంది. 2012లో వెలువడిన ‘వైట్ బ్రెడ్’ అనే సాంఘిక చరిత్ర గ్రంథంలో ఆరన్ బోబ్రో-స్ట్రెయిన్ దీనికి ఆలోచింపదగిన వివరణ ఇచ్చాడు. అమెరికాలో పందొమ్మిదో శతాబ్ది చివర రొట్టె ఎక్కువగా ఇళ్ళలోనే తయారయ్యేది. 1930 నాటికి పరిస్థితి తలకిందులై, కొని తెచ్చుకోవడమే రివాజయింది. పరిశుభ్రత పేరిట ఆ రొట్టెను కాగితంలో చుట్టి అమ్మసాగారు. చుట్టిన రొట్టెను వాసన చూడడానికి వీలు లేదు. నొక్కి చూడడమే మిగిలింది. మెత్తగా ఉంటే తాజాగా ఉన్నట్టు లెక్క. అందుచేత కర్మాగారాలు రొట్టెను మరింత మెత్తగా తయారు చేశాయి. ఆ మెత్తని రొట్టె ఇంటి కత్తికి నలిగిపోయేదే గాని సమంగా తెగేది కాదు.

ఈ వివరణను అంగీకరిస్తే, కర్మాగారం తానే కలిగించిన ఒక ఇబ్బందికి తానే పరిష్కారం చూపిందని చెప్పవలసి ఉంటుంది. పొట్లం మెత్తదనాన్ని తెచ్చింది. మెత్తదనం కోతను కోరింది. 1930లో ‘వండర్ బ్రెడ్’ కోసిన రొట్టెను దేశమంతటా అమ్మడం మొదలుపెట్టింది. 1933 నాటికి అమెరికా బేకరీలలో కోయని రొట్టె కన్న కోసిన రొట్టె అమ్మకమే ఎక్కువైంది. రొట్టెను కాల్చి తానే పైకి నెట్టే విద్యుత్ టోస్టర్లు అప్పటికే ఇళ్ళలోకి వస్తున్నాయి. వాటికి ఒకే మందం గల ముక్కలు కావాలి. ఒక వస్తువు మరొక వస్తువును నిలబెట్టింది.

4. చేజారిన సౌకర్యం: 1943

అలవాటైన వస్తువు కంటికి కనిపించడం మానేస్తుంది. కోసిన రొట్టె మళ్ళీ అమెరికా ప్రజల కంటబడింది ప్రభుత్వం దానిని నిషేధించినప్పుడే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943 జనవరి 18 నుంచి ముందే కోసిన రొట్టె అమ్మకాన్ని ఆపివేస్తూ ఆహార వ్యవహారాల అధికారి, వ్యవసాయ కార్యదర్శి క్లాడ్ విక్కర్డ్ ఆజ్ఞ జారీ చేశాడు. కోసిన రొట్టె ఎండిపోకుండా ఉండడానికి దళసరి మైనపు కాగితం కావాలి. దానిని పొదుపు చేయడం ఒక ఉద్దేశం. గోధుమపిండి ధర పెరిగిన సమయంలో రొట్టె ధరను అదుపులో ఉంచడం మరొకటి.

ఆ నెలలోనే ఒక గృహిణి రాసిన ఉత్తరాన్ని న్యూయార్క్ టైమ్స్ ప్రచురించింది. భర్తకు, నలుగురు పిల్లలకు ఉదయపు ఫలహారానికి పది ముక్కలు, వారు వెంట తీసుకుపోయే భోజనానికి కనీసం ఇరవై ముక్కలు హడావుడిలో తాను చేత్తో కోయవలసి వస్తున్నదని ఆమె లెక్క చెప్పింది. ఇంటి మనశ్శాంతికి కోసిన రొట్టె ఎంత అవసరమో అధికారులు గుర్తించాలన్నది ఆమె విన్నపం. పదిహేనేళ్ళ కిందట లేని వస్తువు లేకపోతే ఇల్లు నడవదనే స్థితి వచ్చిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. 1943 మార్చి 8న నిషేధాన్ని ఎత్తివేశారు. ఆశించినంత పొదుపు జరగలేదనీ, మైనపు కాగితపు నిల్వలు సరిపోతాయనీ విక్కర్డ్ ప్రకటించాడు.

నిషేధం ఏడు వారాలే నడిచినా నుడికార చరిత్రలో దానికి స్థానం ఉంది. అంతవరకు వర్తకుల ప్రకటనలు కీర్తించిన వస్తువును ఈసారి దాన్ని కోల్పోయిన వినియోగదారులు కీర్తించారు. పోలికకు అవసరమైన అనుభవం దేశమంతటికీ ఒకేసారి కలిగింది.

5. ‘సిన్స్’ అన్న మాట

1928 నాటి చిల్లికాతె ప్రకటన ఈ చర్చకు కీలకం. రొట్టెను పొట్లం కట్టడం మొదలైన తరువాత బేకరీ పరిశ్రమలో పడిన ముందడుగులలో ఇదే పెద్దదని ఆ ప్రకటన సారాంశం. ఇందులో కోసిన రొట్టె ఉపమేయం. పొట్లం కట్టిన రొట్టె ఉపమానం. పాతికేళ్ళు తిరగకముందే ఈ స్థానం మారింది. ఈ పలుకుబడికి తొలి లిఖితోదాహరణలలో ఒకటిగా తరచు చూపబడేది హాస్యనటుడు రెడ్ స్కెల్టన్ 1952లో ఒక పత్రికతో అన్న మాట. టెలివిజన్ గురించి దిగులు పడవద్దనీ, కోసిన రొట్టె తరువాత అంత గొప్పది అదేననీ అతడన్నాడు. ఇక్కడ టెలివిజన్ ఉపమేయం. కోసిన రొట్టె ఉపమానం. నిన్న కొలవబడిన వస్తువు నేడు కొలబద్ద అయింది. వాక్య నిర్మాణం మాత్రం ప్రకటనలో ఉన్నదే.

ఈ నిర్మాణంలో ప్రాణం ‘సిన్స్’ అన్న కాలవాచకంలో ఉంది. అది వస్తువును ఒక శకారంభంగా మారుస్తుంది. మన పల్లెలలో పెద్దలు కాలాన్ని విపత్తులతో గుర్తుపెట్టుకుంటారు. ధాత నామ సంవత్సరపు కరువు, 1977 నాటి దివిసీమ ఉప్పెన అటువంటి గుర్తులు. అమెరికా పలుకుబడి ఒక చిన్న వంటింటి సౌకర్యాన్ని ఆ స్థానంలో నిలుపుతుంది. గుర్తు చిన్నది, దానికి ఇచ్చిన పీఠం పెద్దది. ఈ వ్యత్యాసమే పలుకుబడిలోని చిరునవ్వుకు కారణం. అందుకే అది మెప్పుగానూ ఎత్తిపొడుపుగానూ చెల్లుతుంది. హాస్యనటుని నోట అది నమోదు కావడం ఈ స్వభావానికి తగినట్లే ఉంది.

6. తెలుగు నుడికారంతో పోలిక

తెలుగులో రొట్టెతో ముడిపడిన ప్రసిద్ధ జాతీయం ‘రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు’. అనుకోకుండా కలిసివచ్చిన అదృష్టానికి ఇది సంకేతం. రెండు భాషల భేదం క్రియలోనే ఉంది. మన జొన్నరొట్టె, సజ్జరొట్టె తుంచుకొని తినేవి; వాటికి కత్తి అవసరం లేదు. కనుక ఇక్కడ రొట్టె ‘విరుగుతుంది’, అక్కడ ‘కోయబడుతుంది’. విరగడం దానంతట అదే జరిగేది, అదృష్టానికి తగినది. కోయడం యంత్రం చేసే పని, ప్రగతికి తగినది. హైదరాబాదులో ‘డబల్ రొట్టె’ అనే పేరుతో, ‘డబల్ కా మీఠా’ అనే తీపి వంటకంతో బ్రెడ్ మన ఆహారంలో కలిసినా, దాని కోత మనకు ఎన్నడూ సమస్య కాలేదు. ఆంగ్ల పలుకుబడి తెలుగులో వేరూనకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

పోలికకు మరింత అనువైన ఉదాహరణ ‘కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు’ అన్న సామెత. తూములో నాలుగో వంతైన కుంచం ఒకప్పుడు ప్రతి రైతు ఇంటా ఉన్న కొలపాత్ర. పిల్ల ఎంతదో చెప్పడానికి అది చాలేది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత మెట్రిక్ కొలతలు రావడంతో కుంచం క్రమంగా వెనుకబడింది. సామెత నిలిచింది గాని, వినేవారి కంటికి ఆ పరిమాణం కట్టదు. ‘రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు’ అన్నప్పుడు, రోలుకు ఒకవైపే పోటు, మద్దెలకు రెండువైపులా దెబ్బలు అన్న సంగతి తెలియకపోతే హాస్యమంతా జారిపోతుంది. కోసిన రొట్టె ఇంకా అంగళ్ళలో ఉంది కాబట్టి ఆ పలుకుబడికి ఊపిరి ఉంది. అయితే కోయని రొట్టెతో పడిన పాట్లు మరుగున పడడం వల్ల అక్కడా అది అరిగిన నాణెం వలెనే చలామణి అవుతున్నది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. వస్తువు నుడికారంలోకి ప్రవేశించడానికి కొత్తదనం కన్న అలవాటు ముఖ్యం. అలవాటైన వస్తువు చేజారినప్పుడే దాని విలువ మాటల్లోకి వస్తుంది. నుడికారపు చట్రాన్ని వర్తక ప్రకటన వంటి సాహిత్యేతర రచనలో కూడా గుర్తించవచ్చు. కనుక నుడికార పరిశోధనకు పాత పత్రికల ప్రకటన పుటలు, ఉత్తరాల శీర్షికలు ఆకరాలుగా స్వీకరింపదగినవి.

తెలుగు సామెతల సంకలనాలు సామెతకు అర్థాన్ని, సందర్భాన్ని ఇస్తున్నాయి. అందులోని వస్తువు ఆకారాన్ని, కొలతను, వాడుక పద్ధతిని కూడా నమోదు చేయవలసిన అవసరం ఉంది. కుంచంతో ధాన్యం కొలిచినవారు, రోకలి పట్టి దంచినవారు మన మధ్య ఇంకా ఉన్నారు. ఆ అనుభవం ఉన్నవారిని అడిగి తెలుసుకోగలిగిన చివరి తరం పరిశోధకులం మనమే కావచ్చు.